హుస్సేనప్ప తీసిన గాలి

ఖాదర్‌షా బాబా మహిమలను గురించి నేనిక్కడ చెప్పను. ఏ కంపెనీ టైరు మేలైనదో కూడా చెప్పను. కళ్లారా చూసిన ఒక్క సంగతి మాత్రం వ్రాస్తాను.

హుస్సేనప్ప బాబా శిష్యుడు. ఏటా ఉరుసునాడు, నడవలేని ముసలివారిని ట్రాక్టరు ట్రాలీలో కొండమీది దర్గాకు చేర్చడం అతని సేవ. ఒక ఏడు ఘాటురోడ్డు మలుపులో ఎడమ టైరు పేలి ట్రాలీ ఒరిగింది. బీబమ్మ అనే ముసలామె చెయ్యి విరిగింది. ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. అదే అతనికి నిద్ర లేకుండా చేసింది.

మరుసటి ఏడు టైర్లు తానే ఎంచాడు. చవకగా వస్తాయన్న పాత కారు టైర్లను ముట్టలేదు. పైన పట్టునిచ్చే బటన్ అరగకపోయినా, ప్రక్కలు ఎండకు బీటలిచ్చినవాటిని వద్దన్నాడు. తయారైన సంవత్సరం, ఎంత బరువు మోయగలవో తెలిపే అంకె చూసి, ఒకే రకం జత తెచ్చాడు.

బాబా వాటిని చేతితో తట్టి, "మంచివి తెచ్చినావు" అన్నారు. బాబా నోట ఆ మాట అరుదు. హుస్సేనప్ప ఆ పూటంతా నేలమీద నిలవలేదు.

ఉరుసుకు ముందటి సాయంకాలం ట్రాలీ దగ్గర బుస్సుమని చప్పుడైంది. బాబా వెళ్లి చూశారు. హుస్సేనప్ప టైర్లలో గాలి తీస్తున్నాడు.

"ఏం పని ఇది?"

"రేపు ఎండ మండిపోతుంది బాబా. గాలి బిగువుగా ఉంటే పేలుతుంది. ఎండాకాలం కొంచెం తీసేయాలని అందరూ అంటారు."

"అందరూ నీ ట్రాలీ ఎక్కుతారా?"

"బీబమ్మ ఎక్కుతుంది బాబా. అందుకే భయం."

బాబా దడినుంచి ఒక ఇనుపతీగ ముక్క తీసి అతని చేతిలో పెట్టారు.

"వంచు. సరిచెయ్యి. మళ్లీ వంచు."

అతడు వంచుతూ, సరిచేస్తూ ఉన్నాడు. బాబా రేపటి వంట సంగతి మాట్లాడుతూ, మధ్యమధ్య "ఆపమన్నానా?" అంటున్నారు. చివరకు తీగ పుటుక్కున విరిగింది. బాబా విరిగిన కొనను అతని చెంపకు ఆనించారు. అతడు ఉలిక్కిపడ్డాడు.

"కాలిందా?"

"కాలింది బాబా."

"ఎండ ఎక్కడుంది?"

పొద్దు అప్పటికే కొండ వెనుకకు దిగిపోయింది.

హుస్సేనప్ప మెత్తబడిన టైరు వైపు చూశాడు. ఖాళీ ట్రాలీ బరువుకే దాని ప్రక్క నేలదగ్గర వంగి ఉంది.

"తిరిగినంతసేపూ ఇట్లే వంగుతుందా బాబా?"

"నన్నడుగుతావేం? దాన్నే అడుగు."

తెల్లవారుజామున, టైర్లు చల్లగా ఉండగానే, అతడు పంక్చరు అంగడివాణ్ణి నిద్రలేపి టైరు మీద వ్రాసినంత గాలి పట్టించాడు. ట్రాలీ మోయగలిగినంతమందినే ఎక్కించాడు. మిగిలినవారికి రెండో తడవ వస్తానన్నాడు. బీబమ్మ కుడిప్రక్కకు జరిగి కూర్చుంది. బాబా ఎక్కి, ఎడమ చక్రానికి సరిగ్గా పైన, క్రిందటి ఏడు ఆమె కూర్చున్నచోటనే కూర్చున్నారు. ఘాటు మలుపులో కునుకు తీశారు.

కొన్నేళ్ల తరువాత హుస్సేనప్ప మరో ఊరి దర్గా సేవకు వెళ్లాడు. అక్కడినుంచి ఉత్తరం వ్రాశాడు. బాబాకు చూపు తగ్గినందున నేనే చదివి వినిపించాను.

"ఆ దినం ఆ చక్రం పైననే ఎందుకు కూర్చున్నారు బాబా? పేలి ఉంటే?"

బాబా మళ్లీ చదవమన్నారు. చదివాను. జవాబు ఏమని వ్రాయమంటారని అడిగాను.

బాబా ఉత్తరం అందుకొని, దిండు క్రింద పెట్టుకొని, అటు తిరిగి పడుకున్నారు.