పగటి వాటా

ఇది చిన్న కథ. నక్క సాంబయ్య ఇల్లు కొన్నాడు, అంతే. కాకపోతే ఇళ్ళ మాట వచ్చింది కనుక మా వాగు కొంగ సంగతి చెప్పకుండా ఉండలేను. సొంత ఇల్లు దండగ, వాగంతా నాదే అంటుంది ఆవిడ. పొద్దంతా ఒంటికాలి మీద నిలబడుతుంది. రెండో కాలు పెట్టుకోవడానికి జాగా లేదని మాత్రం ఒప్పుకోదు. వడ్రంగిపిట్ట ఇంకొకడు. ఐదు చెట్లకి ఐదు చిల్లులు పెట్టాడు, ఒక్కదాంట్లోనూ గృహప్రవేశం కాలేదు. ప్రతిదానికీ వాస్తు దోషమట. సరే, సాంబయ్య.

సాంబయ్య కాపురం కాలువ తూములో. భార్య రత్తమ్మ చూలాలు. కిందటేడు వానలకి తూములో నీళ్ళొచ్చి రెండు పిల్లలు కొట్టుకుపోయాయి. ఈసారి వానలు పడేలోగా పొడినేల చూపించకపోతే పుట్టింటికి పోతానని ఆమె చెప్పేసింది.

గుట్ట మీద ఒక రాతిగుహ అమ్మకానికి ఉంది. ముళ్ళపంది పానకాలుది. చుక్క నీరు కారదు. ధర నూట యాభై మొక్కజొన్న పొత్తులు, మొత్తం ఒకేసారి. పానకాలుతో బేరమాడినవాళ్ళు ఇంటికెళ్ళి ముళ్ళు పీక్కుంటారు కనుక ఎవరూ ఆడరు.

సాంబయ్య దగ్గర ఒక్క పొత్తు లేదు. తెలివి ఉంది. ఉందని ఆయనే అందరికీ చెబుతుంటాడు. తిన్నగా ముంగిస వీరాసామి దగ్గరికెళ్ళాడు. వీరాసామికి పదకొండు మంది పిల్లలు. పగలంతా కుటుంబం మొత్తం కష్టపడుతుంది, రాత్రి గడ్డివాము అంచున ముడుచుకుంటుంది.

“బావా, నువ్వు పడుకునేదెప్పుడు?” అన్నాడు సాంబయ్య.

“రాత్రి.”

“నేను తిరిగేదెప్పుడు?”

“రాత్రే. కోళ్ళున్నవాళ్ళందరికీ తెలుసు.”

“అంటే రాత్రి నాకు గుహ అక్కర్లేదు, పగలు నీకు అక్కర్లేదు. మూడు వందల పొత్తుల గుహ. చెరి సగం పెడదాం. రాత్రి వాటా నీది, పగటి వాటా నాది.”

“నీ సగం ఎక్కడుంది?”

“నిన్ననే పంపించేశాను.”

“పానకాలుని ఒక మాట అడిగొస్తాను.”

“అడుగు. కానీ ఇద్దరం కొంటున్నామని తెలిస్తే ధర పెంచుతాడు. ఆయన సంగతి నీకు తెలియందా?”

తెలుసు. వీరాసామి అడగలేదు.

పన్నెండు రోజులు ముంగిసలు సాంబయ్య తూము దగ్గరికి నూట యాభై పొత్తులు మోశాయి. సాంబయ్య వాటిని ఒకేసారి పానకాలుకి కట్టేశాడు. దస్తావేజు సాంబయ్య ఒక్కడి పేరు మీదే రాయించాడు. రెండు పేర్లు రాస్తే చూడ్డానికి బాగుండదన్నాడు. ఆ పొద్దున్నే రత్తమ్మకి అసలు సంగతంతా చెప్పేశాడు. అంత తెలివిని కడుపులో దాచుకోవడం ఎవరికైనా కష్టమే.

నెల తిరక్కుండా ముసురు పట్టింది. రెండో రోజు పొద్దు గుంకే వేళ రత్తమ్మకి నొప్పులు మొదలయ్యాయి. అదే వేళకి, రోజూ రాత్రి పడకకి వచ్చినట్టే, వీరాసామి, భార్య, పదకొండు మంది పిల్లలు నీళ్ళు కారుతూ గుమ్మంలోకి వచ్చారు.

“మా వాటా, బావా.”

“ఇవాళ్టికి వదిలెయ్. ఆవిడకి నొప్పులు.”

“రేపు రాత్రికి మీ పిల్లలు నడుస్తారా?”

సాంబయ్య ఆలోచించాడు. నక్కపిల్లలు గుహ దాటడానికి నెలరోజులు పడుతుంది. మూడోసారి తండ్రి అవుతున్నవాడికి ఇది కొత్త విషయం కాకూడదు.

“చూడు బావా, దస్తావేజు నా పేరు మీద ఉంది,” అన్నాడు చివరికి. “మర్యాదగా చెబుతున్నాను.”

లోపల్నుంచి రత్తమ్మ పిలిచింది. “అన్నయ్యా, ఈ గుహ ధర నూట యాభయ్యే. అన్నీ నువ్వు మోసినవే. ఈయన పెట్టింది ఏమీ లేదు.”

“నొప్పుల్లో ఏదో మాట్లాడుతోంది,” అన్నాడు సాంబయ్య.

“నొప్పులు నడుముకి. నోటికి కాదు.”

వీరాసామి తోక బిరుసెక్కింది. “అయితే మీరిద్దరూ బయటికి రావాలి, చెల్లెమ్మా. నాకు మనసొప్పడం లేదు. కానీ నా పిల్లలు తడుస్తున్నారు.”

“నేను రాను. నువ్వూ పోవద్దు. పాములు ఇళ్ళల్లో దూరే కాలం ఇది. పసిగుడ్లున్న చోట మీరుంటే నాకు ధైర్యం. మీరు మేతకెళ్ళినప్పుడు మీ చిన్నవాళ్ళని నేను చూసుకుంటాను.”

“తినవు కదా?”

“తినేవాడు బయటుంటాడుగా.”

వీరాసామి లోపలికి తొంగి చూశాడు. “ఇంతమందికి చోటు చాలదమ్మా.”

“చాలుతుంది. ఒకళ్ళు తగ్గితే.”

ఆ తరవాత పదమూడు ముంగిసలు లోపలికెళ్ళాయి, ఒక నక్క బయటికొచ్చింది. తెల్లారేసరికి నలుగురు పిల్లలు పుట్టారు. నలుగురూ బతికారు.

నీతి కావాలంటే ఇది: దస్తావేజు ఎవరి పేరు మీదున్నా, వాన పడుతున్నప్పుడు లోపలున్నవాళ్ళదే ఇల్లు.

సాంబయ్య ఇప్పుడు జిల్లేడు పొద కింద ఉంటున్నాడు. చేతిలో పైసా లేకుండా ఇల్లు కొనడం ఎలాగో అందరికీ సలహాలు చెబుతున్నాడు. నిన్న అడవిపంది అడ్వాన్సు ఇచ్చి వెళ్ళింది.