రాని కెమెరా

అనంతపద్మనాభం గారు విశాఖపట్నంలో చాలాకాలం కాంతిశాస్త్రం బోధించారు. ఉద్యోగం విరమించాక కూడా ఆదివారం పొద్దున శిష్యులు ఆయన ఇంటికి వస్తూనే ఉండేవారు. ఎవరైనా మనసు కష్టపెట్టుకుని ప్రశ్న అడిగితే ఆయన వాదనకు దిగేవారు కారు. తానెరిగిన మనిషికి జరిగినదేదో చెప్పి ఊరుకునేవారు.

అలాంటి ఒక ఆదివారం ఉదయిని వచ్చింది. ఆమె బెంగళూరులో ఒక కెమెరాల కంపెనీలో డిజైనరు. మసక వెలుతురులోనూ బొమ్మ చక్కగా వచ్చే ఉపాయం ఒకటి కనిపెట్టి, అందరూ కొనగలిగే చిన్న కెమెరాలో దాన్ని అమర్చి చూపించింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు, పక్కన పెట్టేశారు. చిన్నదే ఇంత బాగుంటే మన ఖరీదైన పెద్దది ఎవరు కొంటారు, ఎదుటి కంపెనీ తెచ్చినప్పుడు చూద్దాంలే అన్నారట. ఉద్యోగం మానేద్దామని నిశ్చయించుకున్నాకే ఆమె మాస్టారి దగ్గరికి వచ్చింది.

"చేతనైనదాన్ని మూలన పెట్టి, పక్కవాడు చేశాక పరుగెత్తడమేనా మాస్టారూ మా పని? బయటికే రానిదాని కోసం నేనెందుకు ఇంత పాటుపడ్డట్టు?" అని అడిగింది.

మాస్టారు త్రిపురసుందరి సంగతి చెప్పారు.

త్రిపురసుందరి ఆయన పాత శిష్యురాలు. ఆమె అక్క సత్యవేణి కైకలూరులో పంతులమ్మ. సెలవు దొరికితే చాలు, పడవెక్కి కొల్లేటిలోకి వెళ్ళి గూడబాతుల ఫొటోలు తీసేది. నడివయసులో ఆమెకు చేతులు వణికే జబ్బు పట్టుకుంది. తీసిన ప్రతి బొమ్మా చెదిరిపోయేది. కొన్నాళ్ళకు కెమెరాను బీరువాలో పెట్టి, పక్షుల మాట ఎత్తడమే మానేసింది.

అది చూడలేక త్రిపురసుందరి తాను పనిచేసే కెమెరాల కంపెనీలో ఒక కంకణం తయారుచేసింది. లెన్సును పట్టుకుని ఉండే సన్నటి కంకణం అది. చెయ్యి ఎటు వణికితే దానికి ఎదురుగా లెన్సును జరిపి బొమ్మను నిలబెడుతుంది. కంపెనీ పెద్ద లోకనాథం దాన్ని చూసి ముచ్చటపడ్డాడు, పెద్ద కెమెరాలో పెట్టించాడు. అందరూ కొనే చిన్నదానిలో మాత్రం కుదరదన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. పెద్ద కెమెరా అమ్మకాల మీదే కార్ఖానాలో అందరి జీతాలూ నడుస్తున్నాయి, దాన్ని తన చేత్తో తాను ఎలా చంపుకుంటానని అడిగాడు. ఆ పెద్ద కెమెరాను సత్యవేణి ఎత్తి పట్టుకోనైనా లేకపోయింది.

ఇలా ఉండగా ఎదుటి కంపెనీ ఒక చిన్న కెమెరాను తెచ్చింది. చెయ్యి వణికినా బొమ్మ చెదరదని చాటింపు వేసింది. లోకనాథం వెంటనే ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టించాడు. మన కంకణాన్నే దొంగిలించి ఉంటారని అందరూ అనుకున్నారు. త్రిపురసుందరి మరలు ఊడదీసింది. లోపల కంకణం లేదు. లెన్సును వాళ్ళు ముట్టుకోనే లేదు. వెలుగు వచ్చి పడే పలకనే అయస్కాంతాల మధ్య తేలేలా నిలబెట్టారు. బ్యాటరీ తగిలించి, ఆమె కెమెరాను చేతిలోకి తీసుకుని మెల్లగా ఊపింది. చుట్టూ ఉన్న చట్రమంతా వణుకుతోంది. నడుమ ఆ చిన్న పలక మాత్రం గాలి తగలని నీళ్ళలా నిశ్చలంగా ఉంది. ఆమెకైతే ఓడిపోయామన్న ధ్యాసే లేదట. ఇంత అందమైన ఊహ ఏ మనిషికి తట్టిందా అని ఒళ్ళు గగుర్పొడిచిందట.

చివరికి లోకనాథం, ఇక మన చిన్నదానిలోనూ కంకణం పెట్టాల్సిందేనన్నాడు. అన్నాళ్ళూ తాను బతిమాలినా కదలని మాట అంత తేలిగ్గా కదిలేసరికి ఆమెకు సంతోషమూ కలిగింది, ఉక్రోషమూ వచ్చింది.

ఆ వారంలోనే ఆమె ఎదుటివాళ్ళ కెమెరా ఒకటి కొనుక్కుని కైకలూరు వెళ్ళింది. సత్యవేణి మొదట వద్దంది. చెల్లెలు బలవంతపెట్టి పడవెక్కించింది. గూళ్ళ దగ్గర ఒక తల్లి గూడబాతు ముక్కు కింది సంచి తెరిచి పిల్లకు మేత అందిస్తోంది. సత్యవేణి వణుకుతున్న చేతులతోనే తీసింది. బొమ్మలో పక్షి కంటిపాప స్పష్టంగా ఉంది, ఆ కంటిపాపలో కొల్లేటి నీళ్ళ మెరుపు కూడా ఉంది. సత్యవేణి ఆ బొమ్మను చూస్తూ, పడవవాడు ఒడ్డు వచ్చిందని చెప్పేదాకా తల ఎత్తలేదు.

తర్వాత హైదరాబాదులో జరిగిన ఒక ప్రదర్శనలో, ఆ పలకను తేలించిన మనిషే త్రిపురసుందరికి ఎదురుపడ్డాడు. కడప వైపువాడు, మహబూబ్ వలీ అని. ఆమె దండం పెట్టి, మీకీ ఆలోచన ఎలా వచ్చిందని అడిగింది. అతను నవ్వాడు.

"మీ వల్లేనండీ. మీ పెద్ద కెమెరా విప్పి ఆ కంకణం చూసినప్పుడు నాకు భయం పట్టుకుంది. ఇంత చేసినవాళ్ళు చిన్నదానిలో పెట్టకుండా ఊరుకుంటారా, ఇవాళో రేపో తెచ్చేస్తారు అనుకున్నాం. మీ దారినే వస్తే మీ వెనకే ఉండిపోతామని ఇంకో దారి వెతికాం. మీకంటే ముందు రావాలని తిండీ నిద్రా మానుకుని చేశాం."

అలాంటి చిన్న కెమెరాను తేవాలన్న ఆలోచనే అప్పట్లో మా కంపెనీకి లేదని ఆమె చెప్పింది. వలీ ఎంతకీ నమ్మలేదట.

మాస్టారు అంతటితో ఆపారు. అయితే ఆ అక్కగారి చేతికి అందిన కెమెరాను నిజానికి చేసింది ఎవరని ఉదయిని అడిగింది.

"అది నాకూ తెలీదమ్మా," అన్నారు మాస్టారు. "వలీ భయపడ్డ కెమెరా అప్పటికి లోకంలో ఎక్కడా లేదు. అయినా అది పనిచేసింది."