చెయ్యి తెలిసిన పలక

సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఉప్పు తీస్తారు. వాళ్ళలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక పలక ఉంటుంది.

అది అరచేతిలో ఇమిడే నల్లటి పలక. బొటనవేలు ఆనిస్తే వెలుగుతుంది. దూరాన ఉన్నవాళ్ళ గొంతు వినిపిస్తుంది. ఎదురుగా ఏముంటే దాని బొమ్మ పట్టి దాచుకుంటుంది. ఆ దేశంలో సింహాసనం మీద కూర్చున్న రాజుకీ పలకే, మడిలో దంతె పట్టుకుని ఉప్పు లాగే మనిషికీ పలకే. అందరి చేతిలో ఉన్నదీ ఒకటే గనక అందరి చేతులూ ఒకటేనని రాజు నమ్మేవాడు. నమ్మడానికి ఉప్పునీళ్ళలో దిగక్కర్లేదు కదా.

ఉప్పుమడుల వాళ్ళ పలకలు ముసలివి. కొన్నిటికి నడుము వాచిపోతే పురికొసతో కట్టి వాడేవాళ్ళు. కొన్ని ఎండలో పెడితే గానీ నిద్ర లేచేవి కావు. సగం మాటలో నోరు మూసుకునేవి కొన్ని. వాటిని తిట్టని ఆడమనిషి లేదు. తిడుతూనే కొంగుతో తుడిచేవాళ్ళు.

ఉప్పునీళ్ళలో చేతులు పగులుతాయి. పగిలిన చోట ఉప్పు కూరుకుంటుంది. ఉప్పు కూరుకున్న చోటు మానదు. అన్నం కలిపితే మంట. పసిబిడ్డ బుగ్గ నిమిరితే బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. అందుకని ఆ ఊళ్ళో తల్లులు బిడ్డల్ని మోచేత్తో నిమురుతారు.

వాళ్ళు రాజుని అడిగినవి మూడే. చేతులకి తొడుగులు. పని దిగాక చేతులు కడుక్కోవడానికి గట్టు మీద ఒక మంచినీళ్ళ తొట్టి. వారానికొకసారి వచ్చి చూసే వైద్యుడు. ఏడేళ్ళు అడిగారు. ఏడేళ్ళూ కొలువు చెప్పింది ఒకే మాట.

"చూపించండి."

ఆ దేశంలో చూపించడమంటే పలకలో చూపించడమే. సరేనని వాళ్ళు నెలనెలా చేతులు చాపి బొమ్మలు పట్టారు. ముసలి పలకల్లో బొమ్మలు మసకగా ఉండేవి. అయినా పగుళ్ళు కనిపించేవి. ఎక్కడ పగుళ్ళు, ఎక్కడ చీము, ఏ వేలు వంగడం మానేసింది, అన్నీ ఉండేవి. ఆఖరికి కొలువు నుంచి కబురొచ్చింది. పున్నమి నాడు రండి, రాజుగారు స్వయంగా చూస్తారు.

పున్నమికి ఐదు రోజుల ముందు పలకలాయన బండి వేసుకుని ఊళ్ళోకి వచ్చాడు.

మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి. నవ్వితే కళ్ళు కూడా నవ్వేవి. బండి దిగి, అందరికీ చేతులు జోడించి, "రాజుగారి కానుకమ్మా. పాతది ఇచ్చి కొత్తది పుచ్చుకోండి," అన్నాడు.

ముందుకొచ్చింది పెద్దత్త. ఆమె అందరికీ పెద్దత్తే, ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్దవాడైన కాపలావాడికి కూడా. "పాతవాటిలో మా చేతుల బొమ్మలున్నయ్యి నాయనా," అంది.

"అన్నీ వస్తాయి. రెండు పలకల్నీ పక్కపక్కన పడుకోబెట్టి అన్నానికి పోండి. మీరు తినొచ్చేలోపు ఇందులోది అందులోకి నడిచి వెళ్ళిపోతుంది. ఒక్క బొమ్మ తగ్గినా నన్ను ఈ మడిలోనే పూడ్చెయ్యండి."

"నిన్ను పూడిస్తే ఉప్పు తియ్యగైపోద్ది. కొనేవాడుండడు," అంది ఒక కోడలు. ఆ ఊరికి వచ్చి రెండేళ్ళే అయినా, నోరున్న కోడలని అప్పటికే పేరు పడింది. ఆడవాళ్ళు నవ్వారు. పలకలాయన అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"మసక పలకలో చూపిస్తే రాజుగారు మసగ్గా చూస్తారు. ఈ కొత్తదాంట్లో చీమ మీసం కూడా కనపడుతుంది," అన్నాడు.

ఆ మాటకి పడిపోయారు. తప్పని ఎలా అంటాం? ఏడేళ్ళ మంటని మసకలో చూపించాలని ఎవరికుంటుంది?

కొత్త పలకలు వెలిగాయి.

ఒకామె పలకని ఊరి పక్క ఏటి అవతలి గట్టుకి తిప్పింది. అక్కడ ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ కన్ను ఆర్పడం చూసింది. ఇంకొకామె పట్టపగలు తేలిపోతున్న చందమామ వైపు పట్టింది. దాని మీద గుంటలూ గట్లూ కనిపించాయి. "అక్కడ కూడా మడులున్నయ్యే," అంది. "మరి ఎవరు లాగుతున్నారో పాపం," అంది పక్కనామె.

పెద్దత్త ఒక ఉప్పు పలుకుని కొంగు మీద పెట్టి దాని మీద పలక ఆనించింది.

అది పలుకు కాదు, ఇల్లు. నాలుగు గోడలు సరిగ్గా కొలిచి కట్టినట్టున్నాయి. గది లోపల గది, దాని లోపల మరో గది, కిందకి దిగడానికి నాలుగు వైపులా మెట్లు. ఆ మెట్ల మీద ఎండ ముక్కలు ముక్కలుగా విరిగి, ఎర్రగా పచ్చగా నీలంగా కూర్చుంది. పెద్దత్త ఊపిరి బిగబట్టింది. ఊపిరి తగిలితే ఇల్లు కూలిపోతుందని భయపడింది కాబోలు.

"నలభై ఏళ్ళ నుంచి నిన్ను లాగి కుప్పలు పోస్తన్నా," అంది ఆ పలుకుతో. "నువ్వింత అందగత్తెవని ఒక్కనాడూ చెప్పలేదేమే."

ఆ రోజు ఊళ్ళో ఎవరూ మడిలోకి దిగలేదు. గడ్డిపోచ మీద వెంట్రుకలు చూశారు. ఆవు కంట్లో తమ ఊరంతా తలకిందులుగా ఉండటం చూశారు. లోకం ఇంత దగ్గరగా, ఇంత ఓపిగ్గా తయారైందా అని దణ్ణం పెట్టుకున్నారు. చేతుల బొమ్మలు లెక్కకి సరిపోయాయో లేదో మాత్రం చూసుకున్నారు. సరిపోయాయి. తెరిచి చూశారా? చూడలేదు. పొద్దస్తమానం కళ్ళముందుండే చేతుల్ని ఎవరు చూసుకుంటారు?

పలకలాయన పాత పలకల్ని గంపలకెత్తుకుని బండెక్కాడు.

మూడో నాడు వాళ్ళు కొలువుకి బయల్దేరారు. దారిలో కాలవగట్టు మీద సద్దిమూట విప్పారు. తిన్నాక, రాజుగారికి ఏది ముందు చూపించాలో వరస పెడదామని నోరున్న కోడలు పెద్దత్త పలక తీసుకుని బొమ్మలు తెరిచింది.

మొదటిది చూసింది. రెండోది చూసింది. పదోది చూసేసరికి లేచి నిలబడింది.

"అత్తా, ఇయ్యి ఎవరి చేతులు?"

పెద్దత్త వంగి చూసింది. "నా గాజులు. ఆ పచ్చబొట్టు నాదే."

"గాజులు నీయే. చేతులు చూడు."

చేతులు నున్నగా ఉన్నాయి. పగులు లేదు. మచ్చ లేదు. గోళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. వంగని వేలు కూడా తీగలా వంగి ఉంది. ఏడేళ్ళ బొమ్మలు ఒక్కటీ తగ్గకుండా వచ్చాయి. అన్నిట్లోనూ అలాంటి చేతులే.

కోడలు పలకలోనే పలకలాయన్ని పిలిచింది. ఆయన గొంతు హుషారుగా పలికింది. "పాతవాటిలో మరకలుండేవమ్మా. కొత్తది వాటన్నిటినీ తుడిచేసింది. దానికి చెయ్యంటే ఏమిటో తెలుసు."

"ఎవరు చెప్పారు దానికి?"

"పట్నంలో లక్షల చేతులు చూపించి నేర్పించారు."

"ఆ లక్షల్లో ఉప్పు తీసే చెయ్యి ఒక్కటన్నా ఉందా?"

"నేను తెచ్చి ఇచ్చేవాణ్ణే గానీ, నేర్పేవాణ్ణి కాదమ్మా," అన్నాడు ఆయన. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"మా పాత పలకలు తిరిగియ్యి."

"పిండి కొట్టేశారు తల్లీ. ఆ పిండితోనే కొత్తవి పోస్తారు."

ముసలి పలకకి చెయ్యంటే ఏమిటో తెలియదు. తెలియదు గనకే ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టింది. దాన్ని మొద్దు అని తిట్టారు. ఆ మొద్దుతనమే తమ సాక్షి అని ఏడేళ్ళూ ఒక్కరికీ తోచలేదు.

కొందరు వెనక్కి పోదామన్నారు. ఒకామె మాత్రం ఏ గొడవా పట్టనట్టు తన బొమ్మనే చూస్తూ కూర్చుంది. "ఉప్పు ముట్టకపోతే నా చెయ్యి ఇట్టా ఉండేదేమో," అంది. ఎవరూ నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు తమ పలకలు తెరిచారు. ఆ చేతులు అంత అందంగా ఉన్నాయి. తాము బతకని బతుకు తమ గాజులు వేసుకుని ఎదురుగా కూర్చుంటే ఏ మనిషికైనా నోట మాటెలా వస్తుంది?

పెద్దత్తే ముందు లేచింది. "బొమ్మలు పోతే చేతులు పోయినయ్యా? ఎనక్కి పోయి చేసేది మాత్రం ఏముంది, మళ్ళీ దంతె పట్టుకోవడమేగా. పదండమ్మా."

కొలువు చాలా పెద్దది. పైకప్పు చూడటానికి మెడ వెనక్కి విరవాలి. ఆ కొలువులో ఒక మర్యాద ఉంది. ఎవరూ ఎవర్నీ ఒట్టి కళ్ళతో చూడరు. కళ్ళు పొరబడతాయి, పలక పొరబడదు. మంత్రి మాట్లాడితే పలకలో మంత్రిని చూస్తారు. రాజు నవ్వితే పలకలో నవ్వు చూసి తాము నవ్వుతారు.

రాజు కుర్రవాడు. దుర్మార్గుడు కాడు. వచ్చినవాళ్ళని కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. తర్వాత తన పలక ఎత్తి, చాపిన చేతుల్ని ఒక్కొక్కటే చూశాడు. పలక ఎదురుగా చేతులు, చేతుల వెనక ఆడవాళ్ళు.

"తామర మొగ్గల్లా ఉన్నాయి. దేవుడి దయ," అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

నోరున్న కోడలు ముందుకొచ్చింది. "ప్రభువులు మన్నించాలి. ఈ పలక చెయ్యి ఎట్టా ఉండాలో చెబుతోంది. మా చెయ్యి ఎట్టా ఉందో చెప్పడానికి మేం వచ్చాం. ఈ రెండూ ఒకటి కావు. దీన్ని నమ్మితే, ఈ దేశంలో దెబ్బ తగిలినవాడు ఇక ఒక్కడూ ఉండడు. మందూ అక్కర్లేదు, వైద్యుడూ అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు."

కొలువులో గుసగుసలు లేచాయి. మంత్రి పలకలోంచి ఆమెని చూస్తూ, మెత్తగా అడిగాడు. "బాగా చెప్పావమ్మా. కానీ చెప్పడం వేరు, చూపించడం వేరు. చూపించగలవా?"

ఆమె నోరు తెరిచింది. ఆ ఊళ్ళో అడుగుపెట్టిన రెండేళ్ళలో ఆమె నోరు మూగబోయింది అప్పుడే.

పెద్దత్త మెట్ల దాకా నడిచింది.

"నీ చెయ్యి ఇటియ్యి బాబూ," అంది రాజుతో.

భటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పలకల్లోనే. రాజుని చెయ్యి ఇమ్మనకూడదని ఎక్కడా రాసిలేదు. ఎందుకంటే ఇంతవరకూ ఎవరూ అడగలేదు. రాజుకి కూడా ఏం చెయ్యాలో తోచలేదు. తోచక చెయ్యి చాపాడు.

పెద్దత్త ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. నొక్కలేదు. గిల్లలేదు. పగులు అంచు అతని అరచేతి మీదుగా వెళ్ళేలా ఒక్కసారి నిమిరింది. నలభై ఏళ్ళుగా ఏ బిడ్డనీ అలా నిమరలేదామె.

రాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అరచేతిలో నిప్పు పెట్టినట్టుంది. వెంటనే పలక ఎత్తి చూసుకున్నాడు. పలకలో అరచెయ్యి తెల్లగా, నున్నగా, గీత కూడా లేకుండా ఉంది.

"మండుతోంది," అన్నాడు.

వైద్యుడు పరుగున వచ్చాడు. పలక ఆనించి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమీ లేదు ప్రభూ."

"మండుతోందంటున్నాను."

మంత్రి చూశాడు. సేనాపతి చూశాడు. కొలువంతా పలకలెత్తి ఆ అరచేతిని చూసింది. నూరు పలకల్లో నూరు అరచేతులు వెలిగాయి, అన్నీ తామర మొగ్గలే. "ఏమీ లేదు ప్రభూ," అంది కొలువు ఒకే గొంతుతో. అందరూ ప్రేమగానే అన్నారు.

రాజు పలక దించాడు. ఒట్టి కళ్ళతో తన చేతిని చూసుకున్నాడు. ఒక సన్నటి ఎర్ర గీత ఉంది. దాని అంచున ఆవగింజలో సగమంత తెల్లటి పలుకు మెరుస్తోంది. తన చెయ్యి ఇలా ఉంటుందని అతనికి తెలియదు. దాని మీద ఇన్ని గీతలున్నాయని, గీతల మధ్య చర్మం ఊపిరి తీస్తున్నట్టు కదులుతుందని తెలియదు. ఒక కొత్త దేశంలోకి వచ్చినవాడిలా అతను చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత తలెత్తి, ఎదురుగా ఉన్న చేతుల్ని చూశాడు. చేతుల వెనక మొహాల్ని చూశాడు.

కొలువంతా ఇంకా పలకల్లోనే చూస్తుంటే, పెద్దత్త ఒట్టి కళ్ళతో అతని చెయ్యి చూస్తోంది. "ఊదబాక బాబూ, ఊదితే ఇంకా మండిద్ది," అంది. "ఉప్పు దిగింది."

"ఎంతసేపుంటుంది ఈ మంట?" అని అడిగాడు రాజు.

"తెలవదయ్యా," అంది పెద్దత్త. "మాది ఇంకా తగ్గలా."