తల వంచని కుమ్మరి

పూర్వం ఒక రాజ్యంలో కుమ్మరి శరభయ్య మంత్రికి ఎదురుపడి కూడా తల వంచలేదు. కొరడా దెబ్బలు కొట్టించే ముందు మంత్రి ముగ్గురు మనస్తత్వ పండితులను పిలిపించి కారణం అడిగాడు.

"చిన్ననాడు తండ్రి మీద అణచుకున్న కోపం," అన్నాడు మొదటివాడు.

"కాదు, తప్పు చేసినప్పుడల్లా తన్నకపోవడంతో అబ్బిన అలవాటు," అన్నాడు రెండోవాడు.

"ఆలోచనే వంకర," అన్నాడు మూడోవాడు.

అక్కడే నిలబడి వింటున్న శరభయ్యకు ఒళ్లు మండింది. "అయ్యలారా, మీలో మీకే ఎందుకు పడదు?" అని అడిగాడు.

మిగతా ఇద్దరికీ తండ్రి మీద కోపమని మొదటివాడు, మిగతా ఇద్దరికీ తన్నులు చాలలేదని రెండోవాడు, మిగతా ఇద్దరిదీ బుర్ర వంకరని మూడోవాడు చెప్పారు.

"విన్నారుగా దొరా, నా జబ్బే వీళ్లకూ ఉందట. కొరడా వీళ్లతోనే మొదలుపెట్టించండి. అసలు కారణం నన్నెవరూ అడగలేదు. ఆ రోజు నా నెత్తిన కుండల గంప ఉంది, వంగితే పగిలేవి."

పండితులు ముగ్గురూ ఒక్క గొంతుతో కుమ్మరిది తప్పేమీ లేదన్నారు. మంత్రి అతణ్ణి వదిలేశాడు.