నల్లేరుకి కణుపులొచ్చిన రోజు

ఒకప్పుడు నల్లేరుకి కణుపులే ఉండేవి కావు. తాడులా గుండ్రంగా, నున్నగా, మొదలు నుంచి చివరిదాకా ఒకటే తీగ. కంపచెట్ల మీద పాకి, ఊరి బయట పాడుబావి చుట్టూ నేలమీద మూడు చుట్లు తిరిగి, ఎండలో మిలమిల మెరిసేది. అబ్బో, ఎంత టెక్కో దానికి!

టెక్కుతో పాటు భయమూ ఉండేది. ఆ రోజుల్లో నల్లేరు ఒక్కచోట తెగిందంటే చాలు, తీగంతా ఎండిపోయేది. అందుకే ఎవరు దగ్గరికొచ్చినా "ముట్టుకోకండి! ముట్టుకోకండి!" అని ఒకటే అరుపులు.

మూడేళ్లు వాన లేదు. బావి ఎండింది. ఒక సాయంత్రం మేకలు కాసే ఓబులమ్మ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆమె మేకపిల్ల చుక్క గెంతుతూ గెంతుతూ పోయి ఆ బావిలో పడింది. ముందుకాలు విరిగింది. "మ్మే! మ్మే!" అని లోపలినుంచి ఏడుస్తోంది.

అప్పుడే కొండల మీద ఉరుము! వాన! పక్కనున్న వంక బుసబుసా పొంగుతూ వస్తోంది. ఇంకాసేపట్లో నీళ్లు బావిలోకి దూకుతాయి.

"నల్లేరూ, నా కాడ తాడు లేదే! ఒక్కతూరి బాయిలోకి దిగు తల్లీ!" అంది ఓబులమ్మ.

"అమ్మో! తెగితే చచ్చిపోతాను!"

"నువ్వు దిగకుంటే నా సుక్క చచ్చిపోతాది గదే!"

నల్లేరు బావిలోకి తొంగిచూసింది. చుక్క తలెత్తి చూసింది. ఆ చూపు చూశాక ఎవరు మాత్రం ఊరుకోగలరు? నల్లేరు కళ్లు మూసుకుని సర్రున జారింది. నులితీగలతో చుక్క నడుముని గట్టిగా చుట్టేసింది. "లాగు ఓబులమ్మా, లాగు!"

ఓబులమ్మ లాగింది. బరువుపని చేసేటప్పుడు ఆమెకో అలవాటు, మేకల్ని పిలిచే కేక వేస్తుంది. ఇప్పుడూ వేసింది. "ఉర్ర్ర్... హోయ్!"

ఇంకేముంది! మేకలన్నీ పిలుపు విని పరుగో పరుగు! నేలమీదున్న నల్లేరుని టకటకా తొక్కేశాయి. గుండ్రటి తీగ నలిగి నాలుగు పలకలైంది. ఫట్! ఫట్! ఫట్! బెత్తెడుకొకచోట విరిగింది.

"విరిగిపోయానే!" అని నల్లేరు గొల్లుమంది. అయినా పట్టు సడలించలేదు. "వదలను! వదలనంటే వదలను!" ప్రతి ముక్కా పక్క ముక్కని ముడేసినట్టు పట్టుకుంది. చుక్క ఒడ్డున పడింది. మరుక్షణం వంకనీళ్లు దబ్బున బావిలోకి దూకాయి. బతికింది! చుక్క బతికింది!

"ఇక నా పని అయిపోయింది" అనుకుంది నల్లేరు. తెల్లారి చూసుకుంటే, విరిగిన ప్రతిచోటా ఒక చిగురు!

"ఓబులమ్మా! బతికే ఉన్నా! అతుక్కుపోయా! నన్ను నూరి చుక్క కాలికి కట్టు, దాన్నీ అతికిస్తా!"

ఓబులమ్మ కట్టు కట్టింది. నెల తిరిగేసరికి చుక్క మళ్లీ గెంతింది. ఆ సంబరంలో ఓబులమ్మ ఒక లేత ముక్క తుంచి నోట్లో వేసుకుంది. అంతే, నాలుకంతా దురద!

నల్లేరు పకపకా నవ్వింది. "అన్ని మేకలతో తొక్కించావు, నాకు మాత్రం కోపముండదా? కాసింత చింతపండు పెట్టి బుజ్జగించు."

నూనెలో వేయించి, చింతపండు వేసి పచ్చడి నూరితే, ఆహా! ఓబులమ్మ వేళ్లు కూడా నాకేసింది.

అప్పటినుంచే నల్లేరు నాలుగు పలకలతో, బెత్తెడుకో కణుపుతో ఉంటుంది. ఎముక విరిగితే పెద్దవాళ్లు దాన్నే వెతుకుతారు. చింతపండు లేకుండా వండారో, నోరు దురదే! మరి తెగితే చస్తానని వణికిన ఆ తీగ సంగతా? ఒక్క కణుపు తుంచి మట్టిలో పడేసి చూడండి. ఎంత ఎండలోనైనా మళ్లీ లేచి పాకుతుంది.