విత్తనాల బీరకాయ

గురువు సదాశివయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే, అడిగినవాడి ఇంట్లో ఒక పూట భోంచేస్తే గాని జవాబు చెప్పేవారు కాదు. గిట్టనివాళ్లు దీన్ని తిండియావ అన్నారు. ఆయన ఏ ఇళ్లలో ఏం తిని వచ్చేవారో వాళ్లకు తెలియదు.

వానాకాలంలో ఒకనాడు వేదాద్రి అనే శిష్యుడు వచ్చి కూర్చున్నాడు. పట్నంలో ఉద్యోగం మానుకుని, భార్య అలివేలుతో గురువుగారి ఆశ్రమం పక్క ఊళ్లో చిన్న ఇల్లు తీసుకున్నవాడు. భూమికి భారం కాకుండా బతకాలని అతని కోరిక. మంచి కోరికే, కాదనలేం. వినాయక చవితినాడు సంకల్పం చెప్పుకుని గ్యాస్ బండ, మిక్సీ, సబ్బులు అన్నీ ఒక్క పూటలో బయటికి పంపేశాడు. ఆనాటినుంచి తడి కట్టెలు ఊది ఊది అలివేలు కళ్లు వాచిపోయాయి. చివరికి అన్నగారింటికి పోతానని మూట సర్దుకుంది.

"ఒక్కొక్కటే మానుకుందాం అంటుంది స్వామీ. అది పిరికితనం కాదా? మంచిదని తెలిశాక ఒక్కసారే చేసెయ్యొద్దా?" అని అడిగాడు వేదాద్రి.

"రేపు మీ ఇంట్లో భోజనం" అన్నారు గురువుగారు.

మర్నాడు అలివేలు కట్టెలకు వెళ్లింది. గురువుగారికి పెట్టే కూర పెరటిదే కావాలని వేదాద్రి పట్టుదల. బీరపాదంతా వెతికితే ఆకుల చాటున ఒకే ఒక్క పెద్ద కాయ, దానికి ఎర్ర దారం. దిష్టికి కట్టిందనుకుని దారం తెంపి, కాయ కోసి, తనే తరిగి పొయ్యి మీద పెట్టాడు.

గురువుగారు విస్తరి ముందు కూర్చుని ముద్ద నమిలారు. ఇంకా నమిలారు. పీచంతా తీసి విస్తరి పక్కన పెట్టారు.

"బాగుందా స్వామీ?"

"పళ్లున్నవాడికి బాగుంటుంది నాయనా."

అంతలో అలివేలు వచ్చింది. చెక్కుల మధ్య ఎర్ర దారం చూసి, నెత్తిమీది మోపు దించకుండానే నిలబడిపోయింది.

"దాన్ని విత్తనానికి ఉంచానండీ. మా అమ్మ పోయేముందు ఇచ్చిన విత్తు. తీగమీదే ఎండితే పైఏటికి గింజలు, ఒళ్లు రుద్దుకోను పీచు. ఇంకెవరిని అడగను నేను?"

తరిగిన ముక్కల్లో గింజలు ఇంకా పాల మీదే ఉన్నాయి, విత్తుకు పనికిరావు.

"దిష్టి దారమనుకున్నా" అన్నాడు వేదాద్రి. నిజంగానే తెలియదు పాపం. ఆ పాదును చవితికి ముందునుంచే, బియ్యం కడిగిన నీళ్లు పోసి ఆవిడ పెంచుతోంది. సంకల్పమేదీ చెప్పుకోలేదు గనుక అతని కంటికి ఆనలేదు.

గురువుగారు లేచి వెళ్లి బీరపాదులోనే చెయ్యి కడుక్కున్నారు. తీగ చివర ఆకు ఎత్తి చూపించారు. అక్కడ వేలంత పిందె ఉంది. వేదాద్రి దారం పట్టుకుని పరుగెత్తాడు. ఆయన అతని చెయ్యి పట్టి ఆపారు.

"కోసిన చెయ్యి కట్టకూడదు. ఆ అమ్మ కట్టాలి. కడుతుందేమో అడుగు."

వేదాద్రి భార్య ముందు నిలబడ్డాడు. "సాయంత్రమే గ్యాస్ బండ తెస్తాను. నువ్వన్నట్టే, ఒక్కొక్కటీ చేద్దాం" అన్నాడు.

అలివేలు మోపు దించి దారం అందుకుంది. "ఇది ఎండేదాకా ఉంటాను" అంది. పిందె పెరగడానికి చోటుంచి వదులుగా ముడి వేసింది.

గురువుగారు కండువా దులుపుకుని బయల్దేరారు.

"స్వామీ, నా ప్రశ్నకు జవాబు?" అన్నాడు వేదాద్రి వెనకనుంచి.

"ఆ పిందెను అడుగు నాయనా. ముదిరాక చెబుతుంది."