భల్లయ్య దానం, జంబయ్య పెత్తనం

ఎర్రకొండ లోయలో భల్లయ్య అనే ముసలి ఎలుగుబంటి ఉండేవాడు. తేనెపట్లు వేలాడే రాతిగోడలూ, ఇప్పచెట్లూ, దుంపలు దొరికే నేలా అన్నీ ఆయనవే. పిల్లాజెల్లా లేరు. ఉన్నదంతా ఒక్కడే తిని పోవడం ఎందుకనిపించి రెండు పనులు పెట్టుకున్నాడు. లోయలో ఎవరూ ఎవర్నీ వేటాడకుండా చూడటం ఒకటి. వేట మానినవాళ్ళకి తిండి తనే పెట్టేవాడు. సూదమ్మ బొమ్మల విద్యని నిలబెట్టడం రెండోది.

సూదమ్మ ముళ్ళపంది. రాలిన తన ముల్లునే జాజు ఎర్రమట్టిలో ముంచి, రాళ్ళ మీద చుక్కలు చుక్కలుగా జంతువుల బొమ్మలు వేసేది. ఆ పని వాళ్ళమ్మ నేర్పింది. చుట్టుపక్కల అది వచ్చినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. ఇద్దరు పిల్లల తల్లి, తిండి వెతుక్కోవడంతోనే పొద్దు గడిచిపోయేది. భల్లయ్య ఆమెకి బొమ్మల కోసం ఓ పెద్ద గుహ ఇచ్చి, పిల్లలకి దుంపలు తాను పంపుతాననీ, ఆ గోడల నిండా బొమ్మలు వేస్తే చాలనీ అన్నాడు. ఆ ఆనందంలో సూదమ్మకి ఆ పూట ఆకలే వెయ్యలేదు.

ఈ వ్యవహారాలన్నీ చూసేది జంబయ్య అనే నక్క. మాట తీపి, నడక మెత్తన. ఒకరోజు గుహకి వచ్చాడు. భల్లయ్యగారికి మోకాళ్ళు పట్టేశాయి, లోయంతా తిరగలేరు, ఎవరెక్కడ ఉంటున్నారో తెలిస్తేనే కదా కాపాడేది, అందుకని జంతువులతోపాటు వాళ్ళ ఇళ్ళు కూడా ఉన్నవి ఉన్నట్టు వెయ్యమన్నాడు.

సూదమ్మకి సబబుగానే తోచింది. కుందేలంత ఉండే మూషిక జింక చుక్కమ్మ తన పిల్లని దాచుకున్న రెల్లుపొద వేసింది. లోపలికి దూరే సందునీ, దాని మీద వేలాడే తీగనీ కూడా వదల్లేదు. అడవికోడి గుడ్లు పెట్టిన బండచాటు వేసింది. తను పిల్లలతో వేరే పడుకునే బొరియ మాత్రం వెయ్యాలని తోచలేదు. చుక్కమ్మ వచ్చి ఆ బొమ్మ చూసింది. ఇంత సరిగ్గా వెయ్యాలా అని అడిగింది. నీ మంచికేనని సూదమ్మ సర్దిచెప్పింది.

కొన్నాళ్ళకి చుక్కమ్మ పిల్ల కనపడకుండా పోయింది. రెల్లంతా వెతికారు. బయటి పులి ఏదో వచ్చి ఉంటుందని జంబయ్య అందరికన్నా ఎక్కువ బాధపడ్డాడు. ఆ వెంటనే అడవికోడి గుడ్లు పోయాయి. చుక్కమ్మ గుహకొచ్చి గోడ మీదున్న తన పిల్ల బొమ్మ ముందు నిలబడింది. దాన్ని మూతితో ఓసారి తాకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి సూదమ్మకి ఒకటే ఆలోచన. తాను వేసిన ఇళ్ళకే ఆపద వస్తోంది. ఇల్లు వెయ్యని కుందేలు హాయిగా ఉంది, వెయ్యని నెమలి హాయిగా ఉంది. బొమ్మల్ని రోజూ వచ్చి దగ్గరగా చూసేది జంబయ్య ఒక్కడే. కానీ అతను భల్లయ్యకి కుడిచెయ్యి. చెబితే, నమ్మకపోతే, గుహా పోతుంది, పిల్లల తిండీ పోతుంది. చెప్పకపోతే? పిల్లలు నాలుగడుగులు దూరం వెళ్ళినా వెనక్కి పిలిచేది.

ఇంతలో జంబయ్యే వచ్చాడు. గోడంతా తేరిపార చూశాడు.

"అందరివీ వేశావు, నీ ఇల్లు వెయ్యలేదేం వదినా? పిల్లలు చిన్నవాళ్ళు, ముళ్ళింకా గట్టిపడలేదు. వాళ్ళకీ కాపలా ఉండాలి కదా," అన్నాడు.

సూదమ్మకి అంతా అర్థమైంది. అయినా తలూపి, రేపటికి వేసి పెడతానంది.

అతను వెళ్ళగానే పరుగున భల్లయ్య దగ్గరికి పోయి అంతా చెప్పింది. ఆయన మొహం నల్లబడింది.

"నేను పెట్టింది తింటూ నా పేరుకే మచ్చ తెస్తావా?" అన్నాడు.

"మీ తిండి తింటున్నాను కనకే ఇన్నాళ్ళూ భయపడి నోరెత్తలేదయ్యా. రేపు సాయంత్రం జలపాతం పక్కనున్న పెద్ద ఖాళీ బొరియలో కాసేపు కూర్చోండి. నా మాట అబద్ధమైతే పిల్లల్ని తీసుకుని లోయ వదిలి పోతాను."

ముసలాయన వస్తానని మాత్రం అన్నాడు.

మర్నాడు సూదమ్మ బొమ్మ వేసింది. జలపాతం, పక్కన బొరియ, లోపల ఇద్దరు పిల్లలు. నిజానికి పిల్లల్ని చుక్కమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. బిడ్డని పోగొట్టుకున్నదాన్ని ఈ సాయం అడగాలంటే మొహం చెల్లలేదు. చుక్కమ్మ ఏమీ అడక్కుండా వాళ్ళని తాను కొత్తగా వెతుక్కున్న పొదలోకి తోలుకుపోయింది.

జంబయ్య బొమ్మ చూసి తెగ మెచ్చుకున్నాడు. బొరియ లోపల ఎంత లోతుంటుందని అడిగాడు.

పొద్దు వాలింది. భల్లయ్య వచ్చి బొరియలో దూరాక, ఎదుట బండచాటున సూదమ్మ కూర్చుంది. ఎంతకీ నక్క జాడ లేదు. తనే పొరబడిందేమో, అన్యాయంగా నింద వేసిందేమో అని అనుమానం వచ్చింది. అప్పుడొచ్చాడు జంబయ్య. అటూ ఇటూ చూసి, బొరియలోకి తల పెట్టి మెల్లగా పిలిచాడు.

"పిల్లలూ, మీ అమ్మ పంపింది. బయటికి రండి."

"ఎప్పుడు పంపింది?" అని భల్లయ్య గొంతు వినపడింది.

జంబయ్య ఉలిక్కిపడి, వెంటనే సర్దుకున్నాడు. "ఇందాకేనయ్యా. పిల్లలు భయపడుతున్నారేమో చూసి రమ్మంది."

"ఆమె నాతోపాటు వచ్చి ఇందాకట్నుంచీ ఆ బండచాటునే ఉంది," అంటూ భల్లయ్య బయటికొచ్చాడు.

సూదమ్మ కూడా లేచి వచ్చింది. "నేను వేసినవాటిలో ఇదొక్కటే అబద్ధం జంబన్నా. మిగతావన్నీ నిజాలు వేసి తప్పు చేశాను," అంది.

చుక్కమ్మ బిడ్డని ఏం చేశావని భల్లయ్య అడిగాడు. మాంసం రుచికి నోరు ఆగలేదని జంబయ్య గొణిగాడు. ఆయన ఎత్తిన పంజాని దించుకుని, అతన్ని కొండ అవతలికి తరిమేశాడు.

ఆ తర్వాత భల్లయ్య చుక్కమ్మ దగ్గరికి వెళ్ళి, కాపాడతానని మాటిచ్చి, ఆ పని ఇంకొకరి మీద వదిలేసి కూర్చున్నానని తల దించుకున్నాడు. ఆనాటినుంచి ఆయన కుంటుకుంటూనే లోయంతా తనే తిరిగేవాడు. సూదమ్మ గోడల మీద ఇళ్ళు గీకేసి, జంతువుల్ని ఉంచింది. జంబయ్య మాత్రం చెట్టూ చేమా లేని అవతలి గుట్ట మీద మిడతలు పట్టుకుని తింటూ, ఎవరికి ఏ తీపి మాట చెప్పబోయినా వినేవాళ్ళు లేక తిరిగాడు.

ఎంత మంచి దానమైనా, ఇచ్చినవాడు కన్నేసి ఉంచకపోతే మధ్యవాడి నోట్లోకే పోతుంది.